"మీపై వివక్ష జరిగిందా" అని అడిగితే లేదనే చెప్తారు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: బెంగళూరు గార్మెంట్స్‌లో పనిచేసే తెలుగు ఆడవాళ్ళ ఆరోగ్యం మీద థీసిస్ చేస్తున్నారు, "స్త్రీ అయినందువల్ల మీరు వివక్షకు గురయ్యారా" అన్న ఒక్క ప్రశ్నతో లింగ వివక్షను కొలవచ్చా అని. సరిపోదండీ. ఇదే తప్పు చేసిన టీములో నేనూ ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

కొన్నేళ్ళ కిందట బొమ్మసంద్ర వైపు ఒక సర్వే కోసం ఇంటింటికీ తిరిగాను, మదనపల్లె, కదిరి, హిందూపురం నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఫారంలో అచ్చం మీ ప్రశ్నే. వివక్ష అనేది పేపరు మాట, ఇంట్లో ఎవరూ అనరు. ఒకామె చాటలో బియ్యం ఏరుకుంటూ "అట్లాంటివేం లేవు మేడం, మా ఆయన బంగారం" అంది, నేను "లేదు" దగ్గర టిక్ పెట్టాను. ఫారం మూసేసి మంచినీళ్ళు అడిగాక, అవి వచ్చేలోపు మాటల్లో తెలిసింది, భర్తకు జ్వరమొస్తే రెండో రోజే ఆటోలో ఆస్పత్రికి పోయారు, ఆమె మాత్రం పదకొండు నెలలుగా విపరీతంగా బ్లీడింగ్ అవుతుంటే మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొస్తోంది. చూపించుకోలేదేం అంటే "ఆడోళ్ళకు ఉండేదే కదా, దానికి ఒకరోజు జీతం పోగొట్టుకోవాల్నా" అంది. నా ఫారంలో ఆమె మీద వివక్ష సున్నా. ఆ టిక్ నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సున్నా అని రాసినంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు. అమెరికా పరిశోధకురాలు నాన్సీ క్రీగర్ 1990లో కాలిఫోర్నియా ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనం చదవండి. చిన్నదే, కానీ అన్యాయం జరిగినా సర్దుకుపోయి నోరు మూసుకుంటామన్న నల్లజాతి ఆడవాళ్ళు, ఏదో ఒకటి చేసి ఇతరులతో చెప్పుకునేవాళ్ళకంటే 4.4 రెట్లు ఎక్కువగా తమకు బీపీ ఉందని చెప్పారు.

అందుకే ముందు జరిగిన సంగతి అడగండి, కారణం తర్వాత. అమెరికాలో డేవిడ్ విలియమ్స్ బృందం 1997లో తెచ్చిన స్కేలు, అంటే వివక్షను కొలిచే ప్రశ్నల జాబితా, అలాగే ఉంటుంది, మర్యాద తక్కువగా చూస్తారా, తెలివిలేనివాళ్ళలా చూస్తారా అని అడిగి, ఆ తర్వాతే ఎందుకనుకుంటున్నారు అంటుంది. మన దగ్గరైతే పోయినసారి జబ్బు చేసినప్పుడు ఎన్నో రోజున డాక్టరు దగ్గరికి వెళ్ళారు, ఎవరు వెళ్దామన్నారు, డాక్టరు మీతో మాట్లాడారా మీ ఆయనతోనా అని అడగాలి. కారణంలో ఒక్కటే టిక్ పెట్టమనొద్దు. ఆడదాన్ననా, కులమా, డబ్బులేకా, కన్నడ రాకా అంటే ఆమె మాత్రం ఎట్లా విడదీస్తుంది?

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది, ఆడా మగా మధ్య కనిపించిన తేడానంతా వివక్ష ఖాతాలో వేసేయడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి, మగవాళ్ళలో 25 శాతానికి రక్తహీనత ఉంది. ఇందులో నెలసరి, కాన్పుల వాటా ఉంది, చివర్లో మిగిలిన కూరతో తినడం వాటా కూడా ఉంది. ఒకే అవసరం ఉన్నా ఆడదైనందుకు తక్కువ అందడం, నేనైతే వివక్ష అని దీన్నే రాస్తాను. ఢిల్లీ ఎయిమ్స్ 2016 ఓపీ రికార్డులు చూసిన అధ్యయనం ఎవరినీ ఏ ప్రశ్నా అడగలేదు, ఊరు దూరమయ్యేకొద్దీ వచ్చే ఆడ పేషెంట్లు తగ్గిపోవడాన్ని లెక్కగట్టింది. మీకు ఏదైనా ఆస్పత్రి ఓపీ రిజిస్టరు దొరికితే ఇంటర్వ్యూల పక్కన అదీ పెట్టుకోండి.

చివరగా, ప్రతి ఫారంలో "అడిగేటప్పుడు గదిలో ఎవరున్నారు" అని ఒక గడి పెట్టండి. మాకు అది లేదు. బియ్యం ఏరుకుంటున్న ఆమె పక్కనే వాళ్ళత్త కూర్చుని ఉంది, ఆ అత్త నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాకే బ్లీడింగ్ మాట బయటికొచ్చింది.