టెస్ట్ జరగకుండానే సంతకం పెట్టమంటే?

ప్రశ్న: ఓ పెద్ద నిర్మాణ కంపెనీలో జూనియర్ సైట్ ఇంజినీర్‌గా చేరి ఏడాది కాలేదు. స్లాబ్ వేసి పది రోజులే అయింది. బిల్లు ఆగిపోతోందని, 28 రోజుల క్యూబ్ టెస్ట్ (అదే కాంక్రీటుతో పోసిన దిమ్మలను 28వ రోజున నలిపి బలం చూసే పరీక్ష) ఫలితం ఇప్పుడే రాసేసి రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటున్నారు మా సీనియర్. ఇంతకుముందు ఒకసారి పెట్టాను కూడా. కాదంటే ఉద్యోగం ఉండదేమో. పైగా రెండేళ్లలోపు మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చిన బాండ్ ఉంది. రేపు ఏదైనా జరిగితే కేసు నా మీదికి వస్తుందా?

జవాబు: రావచ్చు. సీనియర్ చెబితే చేశానంటే కోర్టులో చెల్లదు. బెదిరింపు వల్ల చేశానని బయటపడాలంటే, భారతీయ న్యాయ సంహిత 32వ సెక్షన్ ప్రకారం, అక్కడికక్కడే ప్రాణం పోతుందన్న భయం ఉండాలి. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ దాని కిందికి రాదు.

యజమాని రికార్డుల్లో ఉద్యోగి మోసపు ఉద్దేశంతో తప్పుడు లెక్క రాస్తే, 344వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. 'నాకేం ముట్టలేదు కదా' అంటారేమో. ఆ కాగితం చూపించి బిల్లు పాస్ చేయించుకుంటారని మీకు తెలుసు, ప్రాసిక్యూషన్ పట్టుకునేది అక్కడే. స్లాబ్ కూలి ఎవరైనా చనిపోతే 106వ సెక్షన్ కూడా తోడవుతుంది, ఐదేళ్ల వరకు శిక్ష. మీ సంతకానికీ ఆ మరణానికీ సంబంధం ఉందని వాళ్లే రుజువు చేయాలి, నిజమే. కానీ అంతవరకు కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరు. చేయించిన సీనియరూ నేరస్థుడే, అయితే ఆయన నోటితో చెప్పి ఊరుకున్నారు.

కాబట్టి విషయాన్ని రాతలోకి తెండి. ఆరోపణలేమీ వద్దు. 'ఫలానా తేదీన వేసిన స్లాబ్ క్యూబ్‌లకు 28 రోజులు ఫలానా తేదీకి పూర్తవుతాయి. ఆ రోజు టెస్ట్ చేయించి నమోదు చేస్తాను. ఈలోగా 7 రోజుల ఫలితం జత చేస్తున్నాను' అని ఆయనకు మెయిల్ పెట్టండి. 7 రోజుల ఫలితం మీద బిల్లు కదులుతుందేమో క్లయింట్ ఇంజినీర్‌ను అడగమనండి. ఇంత మర్యాదగా రాసిన మెయిల్‌కు 'టెస్ట్ లేకుండానే రాయి' అని జవాబిచ్చే సీనియర్లు అరుదు.

పాత సంతకం సంగతి కాస్త సున్నితం. ఆ పేజీ చింపడం, దిద్దడం మాత్రం చేయకండి, అది ఇంకో కేసు. అప్పటి క్యూబ్‌లు మిగిలి ఉంటే టెస్ట్ చేయించాలి, లేకపోతే స్లాబ్ నుంచే ముక్క తొలిచి తీసి చేసే కోర్ టెస్ట్ జరగాలి. ఈ మేరకు కంపెనీకి లేఖ ఇవ్వాల్సిందే. అయితే అందులోని మాటలే రేపు మీకు వ్యతిరేకంగా వాడవచ్చు గనుక, ముందుగా చిత్తుప్రతిని దగ్గర్లోని లాయర్‌కు చూపించండి.

బాండ్ చెల్లదనే మాట నమ్మకండి. ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో 2025లో సుప్రీంకోర్టు అలాంటి షరతును సమర్థించింది. కానీ అది డబ్బుకు సంబంధించిన సివిల్ వ్యవహారం, జైలుకు పోయేది కాదు. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తారు, బాండ్‌లో రాసిన మొత్తం దానికి గరిష్ఠ పరిమితి. తప్పుడు రికార్డు రాయనన్నందుకే మానేయాల్సి వచ్చిందని చూపించడానికి పైన చెప్పిన మెయిలే పనికొస్తుంది.