క్రిస్టియాన్ బ్రూనర్ మంత్రి కాలేదు కదా, స్విట్జర్లాండ్‌లో ఆమెకు అంత పేరెందుకు?

పదవి దక్కకుండానే దేశ రాజకీయాన్ని మలుపు తిప్పిన మనిషి కాబట్టి. 1947లో జెనీవాలో పుట్టిన బ్రూనర్ లాయరు, సోషల్ డెమొక్రాటిక్ పార్టీ మనిషి, కార్మిక సంఘం నాయకురాలు.

స్విస్ మహిళలకు జాతీయ స్థాయిలో ఓటు హక్కు వచ్చిందే 1971లో. సమానత్వం 1981లో రాజ్యాంగంలోకి ఎక్కింది గానీ జీతాల దగ్గర తేడా అలాగే ఉండిపోయింది. దాంతో వాచీల పరిశ్రమలో పనిచేసే కొందరు ఆడవాళ్లు సమ్మె చేద్దామన్నారు. ఆ మాటను పట్టుకుని దేశమంతా తిప్పింది బ్రూనరే. 1991 జూన్ 14న దాదాపు 5 లక్షల మంది మహిళలు కదిలారు.

1993లో ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిల్‌లో, అంటే దేశ మంత్రివర్గంలో, ఒక్క మహిళా లేదు. ఖాళీ అయిన సీటుకు పార్టీ బ్రూనర్‌ను నిలబెట్టింది. ఆమె వ్యక్తిగత జీవితంపై ఆకాశరామన్న ఉత్తరాలతో బురద జల్లారు, ఇది నిజంగా సిగ్గుచేటు. మార్చి 3న పార్లమెంటు ఆమెను కాదని అదే పార్టీకి చెందిన ఫ్రాన్సిస్ మాతేను ఎన్నుకుంది. జనం భగ్గుమన్నారు. వారం తిరిగేసరికి ఆయన పదవి వద్దనేశారు. మార్చి 10న బెర్న్‌లో పార్లమెంటు ముందు వేలమంది ఎదురుచూస్తుండగా, మరో కార్మిక సంఘం నాయకురాలు రూత్ డ్రైఫస్ ఎన్నికయ్యారు. ఆ రోజు బ్రూనర్, డ్రైఫస్ ఇద్దరి దుస్తుల మీదా ఒకేలాంటి సూర్యుడి బ్రోచ్ ఉంది.

డ్రైఫస్ 1999లో దేశపు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. బ్రూనర్ 1995లో ఎగువ సభకు గెలిచి, 2000 నుంచి 2004 వరకు పార్టీని నడిపారు.