నెల్లూరులో చిన్న పార్కుకి త్రీడీ మోడల్ ఎక్కడ మొదలుపెట్టాలి?

నెల్లూరు చెరువు దగ్గర అర ఎకరంలో పార్కు గీయాలి, స్కెచప్ (త్రీడీ మోడల్ గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా లూమియన్ (ఆ మోడల్‌ని ఫొటోలాంటి బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా అని అడిగారు. నా మాట వింటే ముందు నేల వాలు, తర్వాత ఎండ, ఆఖర్న బొమ్మలు.

వాలు ఎందుకంటే, మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పడిందంటే ఒక్క రోజులోనే కుమ్మరిస్తుంది. ఉచితంగా దొరికే శాటిలైట్ ఎత్తుల డేటా సుమారు 30 మీటర్ల గడులతో ఉంటుంది. మీ అర ఎకరం అందులో రెండు గడులకి కాస్త ఎక్కువ, అంతే! అందుకని టోటల్ స్టేషన్‌తో (నేల ఎత్తుపల్లాలు కొలిచే సర్వే పరికరం) సర్వే చేయించి, ఆ పాయింట్లతో క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, గీయండి. నీళ్లు ఎటు పారతాయో, ఎక్కడ నిలుస్తాయో తెలుస్తుంది.

ఎండకి స్కెచప్ చాలు. మోడల్‌కి నెల్లూరు లొకేషన్ ఇచ్చి నీడలు ఆన్ చేయండి. మనం ఉన్నది దాదాపు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. 5 మీటర్ల వేపచెట్టు కొన నీడ డిసెంబరు 21 మిట్టమధ్యాహ్నం ఉత్తరానికి దాదాపు 4 మీటర్ల దూరాన పడుతుంది. జూన్ 21న దక్షిణానికి, అదీ మీటరు లోపే. కానీ మే నెలలో జనం వచ్చేది సాయంత్రం నాలుగున్నర తర్వాత. అప్పుడు నీడ తూర్పున ఉంటుంది, బెంచీ అక్కడ వేయాలి.

ఇక రెండరింగ్, అంటే మోడల్‌ని ఫొటోలాంటి బొమ్మగా మార్చడం. అందరం బాగా ఎదిగిన చెట్లే పెట్టేస్తాం. కావలి దగ్గర ఒక స్కూలుకి నేనూ అలాగే చూపించాను. నాటిన రోజు మోకాలెత్తు కానుగ మొక్కల్ని చూసి హెడ్మాస్టరుగారి ముఖం చిన్నబోయింది. అప్పట్నుంచి ఒకే కోణంలో మూడు బొమ్మలిస్తున్నాను: నాటినప్పుడు, ఐదేళ్లకి, పదిహేనేళ్లకి.