ఆముదం ద్విదళబీజమైతే రెండు బద్దలుగా ఎందుకు విడిపోదు?

ఆముదం ద్విదళబీజమని పాఠంలో ఉండగా, పై పెచ్చు తీసి చూస్తే చిక్కుడు గింజలో మాదిరి రెండు బద్దలు కాక ఒకే తెల్లని ముద్ద కనిపించిందేమిటని మీ అమ్మాయి అడిగిందని రాశారు. ఆముదం నిస్సందేహంగా ద్విదళబీజమే, అంటే దాని పిండానికి బీజదళాలు అనే తొలి ఆకులు రెండు ఉంటాయి. బీజదళాలు ఎన్ని అన్నది ఒక ప్రశ్న, మొలకకు కావలసిన ఆహారం ఎక్కడ నిల్వ ఉంది అన్నది వేరొక ప్రశ్న. ఈ రెంటినీ కలిపి చదవడం వల్లనే సందేహం కలుగుతుంది. గుంటూరులో ఇంటర్మీడియట్ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధించే నాకు ఏటా ప్రయోగశాలలో ఎదురయ్యే ప్రశ్న ఇది.

పుష్పించే మొక్కల్లో పుప్పొడి నాళం తెచ్చే రెండు పురుష బీజకణాల్లో ఒకటి స్త్రీబీజకణంతో కలిసి పిండాన్ని ఇస్తుంది. రెండవది అండంలోనే ఉండే ధ్రువ కేంద్రకాలు అనే రెండు కేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదం అనే ఆహార కణజాలాన్ని ఇస్తుంది. ఈ జంట కలయికను 1898లో రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు నవాషిన్ లిల్లీ కుటుంబపు మొక్కల్లో కనుగొన్నాడు. మినుము, శనగ, చిక్కుడు, వేరుశనగ వంటి వాటిలో విత్తనం ముదిరేలోపే బీజదళాలు ఆ అంకురచ్ఛదాన్ని పీల్చుకొని బలుస్తాయి, కాబట్టి మనం వండుకొనే పప్పు బద్ద బీజదళమే. ఆముదంలో అంకురచ్ఛదం చివరి వరకు నిలిచి ఉంటుంది. మీ అమ్మాయి చూసిన తెల్లని ముద్ద అదే, గింజ బరువులో దాదాపు సగం ఉండే నూనెలో అధిక భాగం ఉన్నదీ అందులోనే. గింజ అంచు వెంబడి బ్లేడు ఆనించి, వెడల్పు ముఖానికి సమాంతరంగా నెమ్మదిగా చీలిస్తే, కాగితమంత పలుచని రెండు బీజదళాలు, వాటి మీద ఈనెలతో సహా, స్పష్టంగా కనిపిస్తాయి. తెల్లని బుడిపె ఉన్న కొస వైపు చిన్న ప్రథమ మూలం (మొలక తొలి వేరు) ఉంటుంది. ఈ గింజలో రైసిన్ అనే తీవ్రమైన విషం ఉన్నందున పిల్లలు దానిని నోట పెట్టకుండా చూడండి, పని కాగానే చేతులు సబ్బుతో కడిగించండి.

మన ప్రాంతపు మిరప గింజ కూడా ఇలాంటిదే: నానబెట్టి చదునుగా కోస్తే అంకురచ్ఛదం మధ్య చుట్టుకొని ఉన్న పిండం భూతద్దంలో కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మెంతులు. చిక్కుడు కుటుంబానికే చెందినా వాటిలో అంకురచ్ఛదం మిగిలి ఉంటుంది. నానబెట్టినప్పుడు వచ్చే జిగురు దానిదే. గోరుచిక్కుడు గింజల నుండి తీసే గ్వార్ గమ్ అనే జిగురు కూడా అంకురచ్ఛదం నుండే వస్తుంది. కనుక కుటుంబాన్ని చూసి విత్తన నిర్మాణాన్ని ఊహించకూడదు, కోసి చూడవలసిందే.

ఏకదళబీజాల్లో వరి సుపరిచితం. బియ్యం గింజలో అధిక భాగం అంకురచ్ఛదం. దాని ఏకైక బీజదళమైన స్కుటెల్లం పిండంతో పాటు ఒక మూలన ఉండి, మరపట్టినప్పుడు తవుడులోకి పోతుంది, అందుకే తెల్ల బియ్యం మొలకెత్తదు. తాటిలో ఇది మరింత విపులంగా తెలుస్తుంది. వేసవిలో తినే ముంజ లేత అంకురచ్ఛదం, టెంక ముదిరేసరికి అదే గట్టిపడుతుంది. తేగల కోసం టెంకలను పాతరవేసినప్పుడు వాటి లోపల పెరిగే మెత్తని తియ్యని బుర్రగుంజు ఆ మొక్క బీజదళపు కొస. అది గట్టిపడిన అంకురచ్ఛదాన్ని కరిగించి పీల్చుకొని మొలకకు అందిస్తుంది.

రికార్డులో ఆముదానికి రెండు బొమ్మలు వేయించండి. వెడల్పు ముఖానికి సమాంతరంగా కోసినదానిలో ఈనెలున్న బీజదళం, దానికి లంబంగా నిలువునా కోసినదానిలో అంకురచ్ఛదం నడుమ సన్నని గీతల్లా రెండు బీజదళాలు గుర్తించి, శీర్షికగా ‘అంకురచ్ఛదం గల ద్విదళబీజం’ అని రాయిస్తే సరిపోతుంది.