గేమ్ టీమ్ కట్టావంట కదా తమ్ముడూ

తమ్ముడూ,

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి నలుగురు కలిసి యూనిటీ అనే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో గేమ్ చేస్తున్నారని పిన్ని చెప్పింది, చాలా సంతోషమేసింది రా. మేమూ అప్పట్లో ఐదుగురం కలిసి టూడీ ప్లాట్‌ఫార్మర్, అదే గెంతుకుంటూ ముందుకెళ్లే గేమ్, ఒకటి చేశాం. కోడింగ్‌కి యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి, మనుషుల సంగతే ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా.

మా టీమ్‌లో బొమ్మలన్నీ ఒకమ్మాయే వేసేది. మూడో లెవెల్‌కి గబ్బిలం కావాలన్నాం, ఎగరడం, మీద పడటం, దెబ్బ తిని కిందపడటం అన్నీ కలిపి 36 ఫ్రేములు, రెండు వారాలు కూర్చుని వేసింది. ఈలోగా టైమ్ చాలట్లేదని నేనూ ఇంకొకడూ క్యాంటీన్‌లో టీ తాగుతూ మూడో లెవెల్ తీసేద్దాం అనుకున్నాం, ఆ రాత్రే తీసేశాం, తనకి చెప్పడం మర్చిపోయాం. డెమో రోజు ప్రొజెక్టర్ మీద గేమ్ నడుస్తుంటే నా పక్కన నిలబడి "నా గబ్బిలం ఎప్పుడొస్తుంది?" అని మెల్లగా అడిగింది. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే. స్టూడెంట్ గేమ్‌లో అనుకున్నవాటిలో సగం తీసెయ్యక తప్పదు, తీసెయ్యండి, కానీ అది ఎవరు చేశారో వాళ్లకే ముందు తెలియాలి, అదీ ఎదురుగా కూర్చుని చెప్పాలి.

అందరి ఫైళ్లూ ఒకచోట కలిపి, పాత కాపీలు దాచే గిట్ దగ్గరా ఇదే గొడవ. ఇద్దరు ఒకే సీన్, అంటే లెవెల్ ఫైల్, మార్చి పుష్ చేశారనుకో (గిట్‌కి పంపారనుకో), రెండు మార్పులూ కలవక మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, ఆ ఫైల్‌లో ఉండే వేల లైన్ల యామిల్ టెక్స్ట్ చూసి విసుగొచ్చి ఒకడు నాదే ఉంచేద్దాం అని కొట్టేస్తాడు, అవతలోడి రాత్రంతా పని సీన్‌లోంచి మాయం. మాకలా అయ్యింది, పాత కమిట్‌లోంచి, అంటే గిట్‌లో దాచిన పాత కాపీలోంచి, తెచ్చుకున్నాం గానీ వాళ్లిద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. సీన్ ముట్టుకునే ముందు గ్రూప్‌లో "లెవెల్ 2 నా దగ్గరుంది" అని ఒక ముక్క పెట్టండి, వదిలేశాక ఇంకో ముక్క. శత్రువులు, తలుపులు లాంటివి ప్రీఫాబ్‌లుగా, అంటే మళ్లీమళ్లీ వాడుకునే విడి ఫైళ్లుగా, విడదీసుకుంటే ఎవరి ఫైల్ వాళ్లదే. యూనిటీ ప్రతి ఫైల్ పక్కనా పెట్టే మెటా ఫైళ్లు కూడా కమిట్ చెయ్యండి, లేకపోతే అవతల సిస్టమ్‌లో లింకులు తెగిపోతాయి. యూనిటీ తనంతట తానే తయారుచేసుకునే లైబ్రరీ ఫోల్డర్ మాత్రం గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ వదిలెయ్యాల్సిన జాబితాలో, పెట్టు. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని గిట్ ప్రాజెక్టులు ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్ మామూలుగా తీసుకోదు, పెద్ద ఫైళ్లుంటే వాటిని విడిగా దాచే ఎల్ఎఫ్ఎస్ మొదటిరోజే పెట్టుకోండి.

ఎవరైనా పది రోజులుగా "అయిపోవచ్చింది" అంటుంటే గైడ్ దగ్గరికెళ్లి చెప్పకు, ముందు వాడొక్కణ్ణే పక్కకి తీసుకెళ్లి అడుగు. మావాడు జంప్ కోడ్ దగ్గర ఇరుక్కుపోయి, చెప్పుకోడానికి సిగ్గుపడి ఊరుకున్నాడు, ఇద్దరం కూర్చుంటే ఒక సాయంత్రంలో తేలిపోయింది.

ప్రతి శనివారం బిల్డ్, అంటే ఆడటానికి వీలయ్యే గేమ్ కాపీ, తీసి, టీమ్‌లో లేనివాళ్ల చేత ఆడించండి, ఎటు వెళ్లాలో నువ్వు మాత్రం చెప్పకు, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకో చాలు.

మీ ఆర్టిస్ట్ ఇవాళ ఏం వేస్తోందో నీకు తెలుసా? తెలీకపోతే ఇప్పుడే ఫోన్ చేసి అడుగు. మొదటి బిల్డ్ ఎలా ఉన్నా నాకు పంపు, ఆదివారం కూర్చుని ఆడతా.

మీ అక్క