రేవు ఊరి గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

శ్రీలంకలోని రేవు ఊరు గాలే మీద నీ వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, అందులో అనుమానం లేదు. కానీ మొదటి రెండు పేజీల నిండా సూర్యాస్తమయమే. కోట గోడ, అలలు, ఎర్రబడ్డ ఆకాశం, గోడ మీద కూర్చున్న జంటలు. ఏదీ అబద్ధం కాదు. అయితే గాలే పేరు కొట్టేసి మరో తీరం పేరు రాసినా ఆ రెండు పేజీలు అలాగే నిలబడతాయి. నా పేచీ అంతా అక్కడే. ‘గతవైభవానికి మౌనసాక్షి’ అన్న మాట కూడా రెండుసార్లు వాడావు. రెండూ తీసెయ్.

నీ వ్యాసంలో ఒక ప్రశ్న లేదు. 1640లో పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి డచ్చివాళ్లు గుంజుకున్న ఊరు అది, 1796లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. తూర్పుకు వెళ్లే ఆవిరి ఓడలు ఆగిన రేవు. అలాంటిది ఇంత చిన్న ఊరుగా ఎందుకు మిగిలిపోయింది? పాత రేవులకు వెళ్లినవాళ్లంతా ఒకప్పుడు ఎంత వెలిగిందో రాస్తారు. ఓడలు రావడం ఎందుకు మానేశాయో అడిగేవాళ్లు తక్కువ. నువ్వు అడుగు. అది తేలితే ఊళ్లో చూసిన సగం వస్తువులకు అర్థం దానంతటదే వస్తుంది.

గాలే విషయంలో జవాబు నీళ్లలోనే ఉంది. ఆ రేవులో మునిగి ఉండే రాళ్లు ఎక్కువ. నైరుతి రుతుపవనం మొదలైందంటే లంగరు వేసిన ఓడకు కూడా నిలకడ ఉండదు. 1659లో ఆవొండ్‌స్టర్ అనే డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడ లంగరు జారి ఆ రేవులోనే మునిగిపోయింది. అది పుట్టుకతో ఇంగ్లీషు ఓడ, పేరు జాన్ అండ్ థామస్. డచ్చివాళ్లు పట్టుకుని పేరు మార్చారు. మన కాలంలో పురావస్తువాళ్లు దాన్ని వెతికి, అందులోంచి తీసిన వస్తువులను ఒడ్డునే దాచారు. 2004 సునామీ వాటిలో చాలావాటిని మళ్లీ ఊడ్చుకుపోయింది. ఇంత కథ రేవులో ఉంటే నీ చూపు ఆకాశం మీదే ఉండిపోయింది.

ఇక కొలంబో సంగతి. అలల్ని ఆపే పెద్ద రాతికట్టకు 1875లో వేల్స్ యువరాజు అక్కడ శంకుస్థాపన చేశాడు. ఆ కట్ట పూర్తయ్యాక పెద్ద ఓడలు అటే వెళ్లిపోయాయి. కొలంబో కోట గోడలను ఇంగ్లీషువాళ్లు అంతకుముందే పడగొట్టి చోటు చేసుకున్నారు. గాలేకు ఆ అవసరం పడలేదు, కోట గోడలు అలాగే మిగిలాయి. 1988లో యునెస్కో జాబితాకెక్కిన ఆ అందం వెనక పోయిన వ్యాపారం ఉందని నా లెక్క. ఇది వ్యాసం మధ్యలో ఎక్కడైనా రావాలి. మొదట్లోనే పెడితే పాఠంలా ఉంటుంది.

కోట పాత ద్వారం గురించి ‘పురాతనమైనది’ అని ఒక్క ముక్క రాసి దాటేశావు. దాని బయటి వైపు బ్రిటిష్ రాజచిహ్నం ఉంటుంది. లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే డచ్ కంపెనీ ముద్ర, 1669 అనే సంవత్సరం, రెండు సింహాలు, పైన ఒక కోడిపుంజు. ఊళ్లోకి వచ్చేవాడికి కొత్త యజమాని, ఊరు విడిచి వెళ్లేవాడికి పాత యజమాని కనిపిస్తారన్నమాట. ఇలాంటి చోట్ల వెనక్కి తిరిగి చూడటం అలవాటు చేసుకో. గైడ్ ముందుకు నడిపిస్తూనే ఉంటాడు, అది అతని పని.

శాసనం సంగతి చూసి మాత్రం నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంది. చైనా నౌకాధిపతి జెంగ్ హె 1409 నాటి రాతిపలకను నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఒకే రాయి మీద మూడు భాషలు, మూడు ప్రార్థనలు. చైనా భాషలో బుద్ధుడికి, తమిళంలో విష్ణువు రూపమైన తెనవరై నాయనార్‌కి, పారశీకంలో అల్లాకి. బంగారం, వెండి, పట్టు, ధూపం, నూనె అంటూ కానుకల చిట్టా కూడా ఉంది. రేవులో ఏ దేవుడి మనుషులతో ఎప్పుడు పని పడుతుందో తెలిసినవాళ్లు చేసిన పని అది. అంతటి రాయి 1911లో గాలేలో ఒక కల్వర్టుకు మూతగా దొరికింది. ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. ఊరి గురించి రాయడానికి ఊరు దాటి వెళ్లాల్సి వస్తుంది ఒక్కోసారి. బద్ధకించకు.

సునామీ పేరాలో డచ్చి గోడ కోటను కాపాడిందని రాశావు. నిజమే. కానీ గోడ బయట బస్టాండు ఉంది, బజారు ఉంది, క్రికెట్ స్టేడియం ఉంది. దెబ్బంతా అక్కడి జనం మీదే పడింది. వాళ్ల ఊసు లేకుండా ఆ పేరా ఉంచొద్దు.

స్టేడియం అంటే గుర్తొచ్చింది. మురళీధరన్ 800వ వికెట్ 2010లో అక్కడే పడింది. అవుటైంది ప్రజ్ఞాన్ ఓఝా. చరిత్ర వ్యాసంలో క్రికెట్ ఎందుకని జంకకు. ఫిరంగుల కోసం కట్టిన గోడ మీద కూర్చుని జనం టికెట్ లేకుండా మ్యాచ్ చూస్తారు. ఊరు బతికే ఉందనడానికి అంతకంటే ఏం కావాలి?

కోటలో ఉండే ఇళ్ల గురించి తొందరపడి తీర్పులు ఇవ్వకు. హోటళ్లయిపోయిన ఇళ్లున్నాయి, తరాలుగా అక్కడే ఉంటున్న ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. లైట్‌హౌస్ ఎదురుగా ఉన్న మసీదును చూసి చర్చి అనుకున్నావు. చాలామంది అలాగే అనుకుంటారు. ఆ పొరపాటును దిద్దకుండా అలాగే రాసి, ఆ తర్వాతి వాక్యంలో లోపలికి తీసుకెళ్లు.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. మొదటి రెండు పేజీలు పక్కన పెట్టు. శాసనంతో గానీ మునిగిన ఓడతో గానీ మొదలుపెట్టు, రెండింటితోనూ వద్దు. నెలాఖరులోగా పంపితే చాలు, టెన్షన్ పడకు. ద్వారం లోపలి వైపు ఫోటో తీసి ఉంటే అదీ జతచెయ్.

శుభాకాంక్షలతో,
నీ వ్యాసానికి తొలి పాఠకుడు