ఉగ్గు పెట్టిన రెండు గంటలకు వాంతులు.. ఇదేం అలర్జీ?

ప్రశ్న: మా బాబుకు ఏడు నెలలు. మొదటిసారి ఉగ్గు పెట్టిన రెండు గంటలకు వాంతులు మొదలై ఆగలేదు. ఒళ్లు తెల్లగా పాలిపోయి, మెడ వాల్చేశాడు. సెలైన్ పెట్టించాక కోలుకున్నాడు. పది రోజులకు మళ్లీ పెడితే మళ్లీ అంతే. జ్వరం, దద్దుర్లు లేవు. అలర్జీ టెస్టులు నార్మల్. మా అత్తమ్మ దిష్టి అంటోంది.
– ఓ తల్లి, హనుమకొండ

సలహా: మీరు టైం చూసి రాయడం మంచిదైంది. దద్దుర్లు, పెదవుల వాపు వచ్చే మామూలు అలర్జీ తిన్న కాసేపట్లోనే బయటపడుతుంది. గంట నుంచి నాలుగు గంటలు ఆగి, వాంతులతో పిల్లాడిని కుదేలు చేసేది వేరే రకం. డాక్టర్లు ‘ఎఫ్‌పైస్’ అంటారు. ఆహారంలోని ప్రొటీన్ పడక పేగుల్లో వచ్చే రియాక్షన్ ఇది. అలర్జీ టెస్టులు వెతికే ఐజీఈ యాంటీబాడీలకు ఇందులో పాత్ర లేదు. అందుకే రిపోర్టు నార్మల్. చాలామందికి మొదట ఫుడ్ పాయిజనింగ్ అనో, రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనో వైద్యం జరుగుతుంది.

ఉగ్గులోని బియ్యం పడకపోవడమేంటని మీ ఇంట్లో నవ్వుతారేమో. ఆవుపాలు, సోయా, ఓట్స్, గుడ్డులాగే బియ్యంతోనూ ఇది వస్తుంది. దిష్టి తీస్తే తీయనివ్వండి, దానితో నష్టం లేదు. వాంతులయ్యాయని గంజినీళ్లు తాగిస్తేనే నష్టం. బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కూడా దొరుకుతుంది, ప్యాకెట్ చదివి కొనండి.

చూడకుండా ఇదేనని ఖాయం చేయలేను. పిల్లల డాక్టర్‌కు రెండుసార్లూ ఏం పెట్టారో, ఎప్పుడు కక్కాడో కాగితం మీద రాసి చూపించండి. ఉగ్గులో పప్పు కలిపారా అన్నదీ రాయండి. పచ్చగా పసరు కక్కినా, మలంలో రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బినా అది పేగు మెలిక కావచ్చు, ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మళ్లీ వాంతులై మత్తుగా వాలిపోతే 108కి ఫోన్ చేయండి. అలర్జీ సిరప్ దీనికి పని చేయదు. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోవడమే ప్రమాదం, సెలైనే ముఖ్యమైన మందు.

తల్లిపాలు ఆపకండి. మీ పాలు తాగి బాగానే ఉంటే మీరు అన్నం మానక్కర్లేదు. బాబుకు కొత్తవి ఒక్కొక్కటిగా, డాక్టర్‌ని అడిగి, పగటిపూట పెట్టండి. ఎక్కువమంది పిల్లలకు మూడు నుంచి అయిదేళ్లలోపు తగ్గిపోతుంది. తగ్గిందో లేదో ఆస్పత్రిలో డాక్టర్ ఎదుటే తినిపించి చూస్తారు. అందాకా సంక్రాంతికి చప్పరించమని సకినం ముక్క కూడా చేతికివ్వద్దు. అదీ బియ్యప్పిండే.